ఒకే ఒక్క ఎర్ర వరుస

సోమవారం ఉదయం పది గంటల పదకొండు నిమిషాలకు, రెండు చేతులూ కీబోర్డు మీద ఉండగానే, ఆ టెస్ట్ ఇంజనీరు చనిపోయాడు. ఎదుట నల్లని తెర మీద కర్సర్ మాత్రం ఏమీ ఎరగనట్టు మిణుకుతూనే ఉంది. పక్కన పేపర్ కప్పులో సగం కాఫీ మిగిలింది. గుండె ఎప్పుడు ఆగిందో ఎవరూ ఊహించనక్కరలేకపోయింది. మణికట్టుకున్న వాచీయే నిమిషంతో సహా నమోదు చేసింది.

గురువారం ఉదయం తొమ్మిది గంటలకు డిపార్ట్‌మెంట్ చీఫ్ గదిలో, ఆ వాచీని అరచేతిలో పెట్టుకుని ఏజెంట్ సూది నిలబడి ఉన్నాడు. చనిపోయినవాడు అతని అన్నయ్య.

"కాఫీలో విషం. ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది" అన్నాడు చీఫ్. అందరూ ఆయనను పెద్దాయన అంటారు. "కూర్చో."

"నిలబడే వింటాను సార్."

పెద్దాయన చెప్పవలసింది క్లుప్తంగా చెప్పాడు. దేశంలోని ప్రతి అంబులెన్స్ డ్రైవర్ ఫోన్‌లోనూ, ప్రతి కంట్రోల్ రూమ్ కంప్యూటర్‌లోనూ ఒకే యాప్ ఉంటుంది. దాని కొత్త వెర్షన్ ఈ రోజు పన్నెండు లోపల విడుదల కావాలి. ఒక విదేశీ ముఠా అందులో విషం కలిపింది. అది చేరిన ఫోన్ ఆరు గంటలపాటు రాయితో సమానం. ఆరు గంటలు ఏ అంబులెన్స్‌కూ ఎక్కడికి వెళ్లాలో తెలియదు.

"ముఠా నాయకుణ్ణి 'దొర' అంటారు. ఫొటో లేదు. పని ముగిసిందని కబురందగానే పన్నెండున్నర ఫ్లయిట్‌కి ఎగిరిపోతాడు. ఏ పేరుతోనో తెలియదు."

"ముఠాలో మన మనిషి?"

పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఉంది. కోడ్ నేమ్ నెమలి. ఆ యాప్ తయారుచేసే కంపెనీలో రిలీజ్ మేనేజర్." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. "మీ వదిన."

సూది ముఖంలో ఏ మార్పూ కనబడలేదు. వాచీ మీద వేళ్లు మాత్రం బిగుసుకున్నాయి.

"మీ అన్న స్థానంలో టెంపరరీ టెస్టర్‌గా నిన్నే పంపమని అడిగింది. విడుదలకు ఇద్దరు కావాలి: టెస్టర్ పాస్‌వర్డ్, మేనేజర్ వేలిముద్ర. బిల్డ్ చెయ్యి, టెస్ట్ చెయ్యి, విషం దొరికితే ఆపు. అంతే. పగ తీర్చుకునే పని నీకు అప్పగించడం లేదు, అర్థమైందా?"

"అర్థమైంది సార్" అన్నాడు సూది. ఒప్పుకుంటున్నానని మాత్రం అనలేదు.

*

పదకొండు గంటలకు నెరిసిన విగ్గు, గుబురు మీసం, మందపాటి కళ్లజోడుతో సూది బిల్డ్ రూమ్‌లో అడుగుపెట్టాడు. కళ్లజోడు ఫ్రేమ్‌లో కెమెరా, మైకు, చిన్న స్పీకరు ఉన్నాయి.

కిటికీలు లేని చిన్న గది అది. ఒక పక్క రెండు కంప్యూటర్లు. గోడకు ఇనుప ర్యాక్. అందులో నిలువునా నిలబెట్టిన ఇరవై ఫోన్లు. అన్నయ్య బల్ల మీద మౌస్ లేదు. ఆయన ఏ పనినైనా కమాండ్ టైప్ చేసే చేయించేవాడు. ఆ కుర్చీని ఎవరో శుభ్రంగా తుడిచి ఉంచారు.

తలుపు తెరుచుకుంది. పరిమళం ముందు వచ్చింది, మనిషి తరువాత వచ్చింది. ఆకుపచ్చ పట్టు దుస్తులు, తీర్చిన కనుబొమ్మలు.

"ఈ గదిలో చలి ఎక్కువ" అంది ఆమె.

"కోటు తెచ్చుకోవలసింది" అన్నాడు సూది. అది ముందే అనుకున్న కోడ్.

నెమలి తలుపు మూసి నవ్వింది. "ఏంటి మరిదిగారూ ఆ మీసం? అద్దెకు తెచ్చారా, ఎవరిదైనా ఊడబెరికారా?"

"డిపార్ట్‌మెంట్ సొత్తు వదినా. సాయంత్రం తిరిగిచ్చెయ్యాలి."

"మూడు రోజులై నా కంటికి నిద్ర లేదు, మీకు పరాచికాలు."

కంటి కింద కాటుక ఇసుమంతైనా చెదరలేదని సూది గమనించాడు. కాని శోకాన్ని కాటుకతో కొలవడం న్యాయం కాదని తనకు తానే చెప్పుకున్నాడు. "ఆ రోజు మీరిక్కడ లేరటగా?"

"పదకొండున్నర దాకా ఇంట్లోనే ఉన్నాను. ఫోన్ వస్తే పరుగెత్తుకొచ్చాను." ఆమె గొంతు సవరించుకుంది. "కానివ్వండి. టైమ్ లేదు."

అతడు కుర్చీలో కూర్చుని, కనెక్ట్ అయిన ఫోన్ల జాబితా అడుగుతూ మొదటి కమాండ్ టైప్ చేశాడు. తెర మీద వరుసలు పరుచుకున్నాయి. లెక్కపెట్టాడు. ఇరవై ఒకటి. ర్యాక్ వైపు చూశాడు. ఇరవై.

"ఇరవై ఒకటోది ఎక్కడుంది వదినా?"

"మా ఇంట్లో పాత ఫోన్ లెండి. ఎప్పుడో టెస్టింగ్‌కి కలిపాను. దాంతో మనకేం పని?"

ఇంట్లో ఉన్న ఆ పాత ఫోన్ ఐదు నిమిషాల క్రితం విమానాశ్రయం నెట్‌వర్క్ నుంచి పలికినట్టు అదే వరుస చివర రాసి ఉంది. సూది యాప్‌ను తయారుచేసే బిల్డ్ కమాండ్ కొట్టాడు. ఫోన్‌కు ఒకటి, డెస్క్‌టాప్‌కు ఒకటి, రెండు బిల్డ్‌లూ తయారయ్యాయి. టెస్ట్ కమాండ్ కొట్టాడు. ర్యాక్‌లోని ఫోన్లు ఒకదాని వెంట ఒకటి వెలిగాయి. కనబడని వేళ్లేవో తాకుతున్నట్టు బటన్లు వాటంతటవే నొక్కుకున్నాయి.

పదకొండు యాభై అయిదుకు ఫలితం వచ్చింది. నాలుగు వందల పన్నెండు పాస్. సున్నా ఫెయిల్.

"అబ్బ! అంతా ఆకుపచ్చ!" నెమలి చిన్నగా చప్పట్లు కొట్టింది. "కన్నులపండువగా లేదూ?"

సూది ఆ సున్నాను మళ్లీ చదివాడు. అన్నయ్య చిన్నప్పటినుంచీ అంతే. తలుపుకు తాళం వేశాక వేరే తాళంచెవి తెచ్చి తిప్పి చూసేవాడు. 'తప్పు చెవికి కూడా తెరుచుకుంటే అది తాళమే కాదురా' అనేవాడు. టెస్టులకూ ఆయనది అదే పద్ధతి. ఫెయిల్ కావలసిన టెస్ట్ ఒకటి కావాలనే పెట్టేవాడు. నాలుగు వందల పదకొండు పాస్, ఒకటి ఫెయిల్: అది చూస్తేనే సంతకం. ఏదీ ఫెయిల్ కాలేదంటే టెస్టులు పరీక్షించడం మానేసి, అన్నిటికీ తల ఊపుతున్నాయన్నమాట.

"అన్నయ్య ఉండగా ఒకటి ఎర్రగా ఉండేది కదూ?" అన్నాడు నింపాదిగా.

"ఆ దరిద్రమా? ఏళ్ల తరబడి చూడలేక చచ్చాను. చెబితే వినేవారా ఆయన! నేనే దాన్నీ ఆకుపచ్చ చేసేశాను." ఆ మాటలో గృహిణి తన ఇంటి బూజు దులిపినప్పటి తృప్తి ఉంది.

సూది మార్పుల చరిత్ర చూపే కమాండ్ కొట్టాడు. అన్ని టెస్టులూ పాస్ అయ్యేలా మార్పు. సోమవారం, పది ఇరవై అయిదు. ఇదే కంప్యూటర్. అన్నయ్య లాగిన్.

చనిపోయిన పద్నాలుగు నిమిషాలకు అన్నయ్య టైప్ చేశాడు! ఆ చేతులను పక్కకు జరిపి, చల్లబడుతున్న భుజం మీదుగా వంగి, ఎవరు టైప్ చేశారో ఆమే ఇప్పుడు నోరారా చెప్పింది.

"చదివేశావన్నమాట" అంది నెమలి.

వెనక్కు తిరిగాడు. ఆమె చేతిలో లిప్‌స్టిక్ అంత సన్నని పిస్టల్ ఉంది. ఇప్పుడు ఆ నోట మరిదిగారు లేడు, మీరు లేదు.

"కాఫీ మీరే ఇచ్చారా?"

"రెండు చెంచాల చక్కెర వేసి మరీ ఇచ్చాను. పాస్‌వర్డ్ కొట్టమంటే కొట్టనన్నాడు మీ అన్న. నువ్వైనా తెలివి తెచ్చుకో. కమాండ్ టైప్ చెయ్యి."

"చెయ్యకపోతే?"

"ఇంకో టెస్టర్‌ని అడుగుతాను. మీ పెద్దాయన నేనడిగితే కాదనడు."

ఇక కాదంటాడు; కళ్లజోడులోంచి అంతా చూస్తూనే ఉన్నాడు. కాని ఈ రోజు ఆపితే, రేపు ఇంకో కుర్చీలో ఇంకొకరు చల్లబడతారు. దొర మరో పేరుతో ఎగిరిపోతాడు. సూది తెర వైపు తిరిగాడు. విడుదల కమాండ్ టైప్ చేశాడు. ఎవరికి పంపాలో చెప్పే చివరి పదం దగ్గర, 'అందరికీ' అని ఉండవలసిన చోట, విమానాశ్రయంలో ఉన్న ఇరవై ఒకటో ఫోన్ నంబరు వేశాడు. పాస్‌వర్డ్ కొట్టాడు. ఆకుపచ్చ అక్షరాల్లో తెర మేనేజర్ వేలిముద్ర అడిగింది.

పదకొండు యాభై తొమ్మిది. నలభై సెకన్లు.

"ఒకసారి చదువుకోండి వదినా" అన్నాడు. "అన్నయ్యైతే చదివేవాడు."

"ఆకుపచ్చగానే ఉందిగా, చదవడమెందుకు?" యాభై మూడో సెకనులో ఆమె వేలు రీడర్‌ను తాకింది.

విడుదల పూర్తయింది. కింద ఇంకో వరుస వచ్చింది: చేరినవి, ఒక పరికరం.

ఈసారి ఆమె చదివింది. రెండుసార్లు చదివింది. "ఒకటేంటి? ఒకటేంటిరా!"

"విషం ఎవరు కాశారో వారికే పోశాను. మీ చేత్తోనే."

పిస్టల్ పైకి లేచింది. కుర్చీ చక్రాల మీద వెనక్కు దూసుకువచ్చి ఆమె మోకాళ్లను కొట్టింది. గుండు తగిలి ర్యాక్‌లో ఒక ఫోన్ ముక్కలైంది. పిస్టల్ చేజిక్కించుకున్న సూది, ఆమెను అన్నయ్య కుర్చీలోనే కూర్చోబెట్టాడు.

"చంపు" అంది ఆమె. "అందుకేగా వచ్చావు?"

"అందుకే వచ్చాను." పిస్టల్ చాలాసేపు ఆమె నుదుటి మీదే నిలిచింది. "కాని మీరు బతకాలి. మీ వేలు దొరను పట్టించిందని జైల్లో రోజూ గుర్తు చేసుకోవాలి. దొర మనుషులు కూడా గుర్తు పెట్టుకుంటారులెండి."

అంతవరకు చెదరని కాటుక అప్పుడు చెదిరింది.

తలుపు బద్దలు కొట్టుకుని మనుషులు వచ్చేసరికి, సూది ఒంటిచేత్తో ఏదో టైప్ చేస్తున్నాడు. అన్నయ్య టెస్టులన్నీ చరిత్రలోంచి తిరిగి తెచ్చి మళ్లీ నడిపిస్తున్నాడు. కళ్లజోడులో పెద్దాయన గొంతు ఖంగుమంది.

"దొర దొరికాడయ్యా! గేటు దగ్గర చచ్చిన ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. టికెట్ అందులోనే ఉందట. పేరు చెప్పమంటే, ఈసారి ఏ పేరో కూడా అందులోనే ఉందట! అంబులెన్స్‌లన్నీ తిరుగుతున్నాయి. పగ వద్దన్నానా లేదా?"

"అన్నారు సార్."

"సరే, రిపోర్టులో ఏం రాయమంటావు? అంతా సవ్యంగా జరిగిందనా?"

తెర మీద నాలుగు వందల పన్నెండు ఫలితాలు వచ్చి నిలిచాయి. ఇంకా తొలగించని విషం దగ్గర నాలుగు, అన్నయ్య పెట్టినచోట ఒకటి ఎర్రగా వెలిగాయి.

"అయిదు ఫెయిల్ అయ్యాయి సార్" అన్నాడు సూది, మీసం పీకి బల్ల మీద పెడుతూ. "నాలుగు బాగుచేయించండి. అయిదోదాన్ని బాగుచేస్తానన్నవాణ్ణి అరెస్ట్ చేయించండి."