సన్నపాటి పుస్తకం

ఆదివారం పొద్దున కాఫీలు తాగడం అవుతూనే ఆ ఇంట్లో పంచాయితీ మొదలైంది. ఆస్తి పంచాయితీ కాదు లెండి. ఒక పెద్ద ఫాంటసీ సిరీస్ అయిపోయిన మర్నాడు, తర్వాత ఏది చదవాలో తేల్చుకునే పంచాయితీ.

రాజులు, మంత్రగాళ్లు, తరాల తరబడి తీరని పగలు ఉన్న లావుపాటి పుస్తకాలంటే అమ్మకు ప్రాణం. సిటీ బస్సు నడిపిన రోజుల్లో, డిపోలో ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య స్టీరింగు మీద పుస్తకం ఆనించుకుని చదివేది. ఇంటికొచ్చి అదే కథ పిల్లలిద్దరికీ చదివి వినిపించేది. ఇప్పుడు ఊపిరితిత్తులు మొరాయించి, ఒక్క పేరా చదివేసరికి ఆయాసపడిపోతోంది. అందుకని ఆ పని పెద్దమ్మాయి మీద పడింది. రోజూ కళ్లజోళ్ల షాపులో పని ముగించుకుని వచ్చి, మొహం కడుక్కుని, అమ్మ మంచం పక్కన కుర్చీ లాక్కుని చదివేది.

ఎవరికి నచ్చిన పుస్తకం వాళ్లు తెచ్చి వాదించాలి. తీర్పు అమ్మది. ఆ ఇంటి పద్ధతి అది.

ముందు బుడ్డోడు వచ్చాడు. పేరుకే బుడ్డోడు. మనిషి ఆరడుగులుంటాడు, లిఫ్టులు బాగుచేస్తాడు. పనిముట్ల సంచీ తెచ్చి మంచం మీద బోర్లించాడు. గ్రీజు మరకలంటిన పుస్తకాలు ధబధబా పడ్డాయి.

"పన్నెండు సంపుటాలమ్మా! పాత పుస్తకాల షాపాయన ఇస్తానంటూనే నెల తిప్పాడు. రెండు సముద్రాలు, అయిదు రాజ్యాలు, తిక్క రాణి ఒకత్తి. అచ్చం నీలాగే."

"నీ నోరు పడ!" అంటూనే అమ్మ ఆక్సిజన్ గొట్టం సర్దుకుని లేచి కూర్చుంది. మొదటి సంపుటం తెరిచి, మ్యాపు చూడగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. "అబ్బ, కొండల మధ్య ఎన్ని దారులురా! ఈ మలుపులో పెద్ద బండి తిరగదు. ఎవడో చస్తాడు ఇక్కడ."

పెద్దమ్మాయి తన చేతిలోది దుప్పటి మీద పెట్టింది. సన్నపాటి పుస్తకం, ఒక్కటే.

"ఇది బాగుంటుందమ్మా. ఇందులోనే మొదలై ఇందులోనే అయిపోతుంది."

బుడ్డోడు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూశాడు. "ఇది పుస్తకమా, మందుల షాపు బిల్లా? అక్కా, లావు పుస్తకమంటే చెవి కోసుకునేదానివి, ఏమైంది నీకు?"

"ఏమీ కాలేదు. అన్ని పుస్తకాలు చదవడానికి నాకు ఓపిక లేదు."

అది అబద్ధం. పోయిన నెల స్కాను అయ్యాక డాక్టరు ఆమెను ఒక్కదాన్నే వరండాలోకి పిలిచాడు. ఈ చలికాలం గడిస్తే గొప్పే అన్నాడు. ఆ మాట ఆమె అమ్మకు చెప్పలేదు. తమ్ముడికీ చెప్పలేదు. వాడి కడుపులో మాట దాగదు, మొహం చూస్తే అమ్మ ఇట్టే పట్టేస్తుంది. అంత బరువూ తనొక్కతే మోస్తుంటే, వాడు ఈలలు వేసుకుంటూ తిరుగుతున్నాడు. అది చూసినప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండిపోయేది.

"నీకు ఓపిక లేకపోతే నేను చదువుతా. అమ్మకి కావాల్సింది పెద్దదే. నీ సుఖం కోసం..."

"సుఖమా? నాదా? నువ్వు చదువుతావా? మందులు ఏ పూటకి ఏవో తెలుసా నీకు? సంచీ బోర్లించి మురిపించడం తప్ప ఏం చేస్తావురా నువ్వు?"

"ఇప్పుడు మందుల గొడవెందుకు? పన్నెండు పుస్తకాలు చదువుదామంటే అంత కోపమేంటి?"

"పూర్తవ్వవు కాబట్టి!" అరిచేసింది పెద్దమ్మాయి. "పన్నెండు కాదు, రెండు కూడా పూర్తవ్వవు. అర్థమైందా?"

అన్నాక నాలుక కరుచుకుంది. బుడ్డోడు చేతిలోని సన్న పుస్తకాన్ని దుప్పటి మీద వదిలేశాడు. అమ్మ మాత్రం మ్యాపు మడిచి, పుస్తకంలో పెట్టి, నెమ్మదిగా మూసింది.

"డాక్టరు ఎప్పుడు చెప్పాడు?"

"అమ్మా, అది కాదు..."

"నిన్న అయిపోయిన కథలో నాకో డౌటు," అంది అమ్మ. గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ భయం వేసింది పెద్దమ్మాయికి. "నది ఇవతల ఉన్న సైన్యం, వంతెన దాటకుండానే కోటలోకెలా వచ్చింది? రాత్రంతా అదే ఆలోచించా. రాసినవాడికి బుర్ర లేదేమో అనుకున్నా. నువ్వే మింగేశావు కదూ, మధ్యలో పేజీలు?"

పెద్దమ్మాయి తల దించుకుంది. నిజమే. ఆఖరి రెండు సంపుటాల్లో, అమ్మ కళ్లు మూసుకున్నప్పుడల్లా పేజీలు తిప్పేసింది. వంతెన మీద యుద్ధం మొత్తం వదిలేసింది. ఎలాగైనా ముగింపు వినిపించెయ్యాలని ఆమె తాపత్రయం.

"జీవితమంతా బస్సు నడిపాను. టైముకి చేరాలని స్టాపులు ఎగ్గొట్టే డ్రైవర్లని జనం ఎన్నెన్ని బూతులు తిట్టేవారో విన్నాను. నేను ఒక్క స్టాపు ఎగ్గొట్టలేదే. నన్నే ఎక్కించుకుని నువ్వు ఎగ్గొడతావా? ఆఖరి స్టాపుకి తొందరగా చేర్చమని నిన్ను ఎవరడిగారు?"

"నీ మంచికేనమ్మా..."

"నా మంచి! నా చావు సంగతి నాకు చెప్పకుండా, దానికి సరిపడా పుస్తకం కొలిచి తెచ్చావు. ఇదిగో, పట్టుకుపో."

సన్న పుస్తకం నేల మీద పడింది. బుడ్డోడు అక్క వైపు తిరిగాడు. వాడి కళ్లు ఎర్రబడ్డాయి. "నాకెందుకు చెప్పలేదు? నాకు కాదా అమ్మ?"

ఆమె వంగి, నేల మీది పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.

"ఒరేయ్, ఆ మొదటిది తియ్యి," అంది అమ్మ. "నువ్వు చదువు. మీ అక్క వద్దు."

పెద్దమ్మాయి గబగబా వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది. ఎన్నాళ్లుగానో సాయంత్రాలన్నీ ధారపోస్తే, చివరికి దక్కింది "మీ అక్క వద్దు". కడిగిన కప్పునే మళ్లీ కడిగింది. గదిలోంచి తమ్ముడి గొంతు వస్తోంది. ఏడుపు మింగుకుంటూ, కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. రాజుగారి పేరు మూడు రకాలుగా పలికాడు. ప్రింటు చేసినవాళ్ల అడ్రసు కూడా వదల్లేదు. వీడి చదువుకి మొదటి అధ్యాయమే వారం పడుతుంది అనుకుందామె కసిగా. అమ్మ దగ్గుతూనే నవ్వుతోంది. "అంతేరా, అలాగే, నెమ్మదిగా" అంటోంది.

తను చదివినప్పుడు అమ్మ ఇలా నవ్వి ఎన్నాళ్లయింది?

కుళాయి కట్టేసి గుమ్మంలోకి వచ్చింది. "నీకు ముగింపు తెలియకుండా పోతుందేమోనని భయమేసిందమ్మా," అంది.

అమ్మ చెయ్యెత్తి బుడ్డోణ్ని చదవడం ఆపమంది.

"నాకు మాత్రం భయం లేదా? చచ్చేంత ఉంది. నీ సన్న పుస్తకం అయిపోయాక, ఈ గొట్టం పెట్టుకుని పైకప్పు చూస్తూ ఏం చెయ్యమంటావు? రేపు పొద్దున ఆ తిక్క రాణి ఏం చేస్తుందో అనుకుంటూ పడుకుంటే, నా సంగతి కాసేపు మర్చిపోతానే. నాకు ముగింపు వద్దు. రేపటికి కాస్త కథ మిగిలుండాలి, అంతే."

పెద్దమ్మాయికి ఏడుపు ఆగలేదు. ప్రేమ అనుకుని తను చేసిందంతా, అమ్మ చేతిలోంచి రేపటి రోజుల్ని లాక్కోవడమే. అమ్మ ఆమెను ఓదార్చలేదు, క్షమించానని అనలేదు. కాళ్లు కాస్త ముడుచుకుని మంచం చివర చోటిచ్చింది.

"కూర్చో. ఏడిస్తే మాత్రం లేచిపో, నాకు వినపడదు. నువ్వు చదవరా."

బుడ్డోడు ముక్కు తుడుచుకుని, ఆగిన వాక్యాన్ని మళ్లీ మొదటినుంచి అందుకున్నాడు.