రెండో దెబ్బ

ఆ షెడ్డుకి మంచి పేరు లేదు. పాత రన్‌వే చివర, మిలిటరీ వాళ్లు వదిలేసిన సరుకుల విమానం ఒకటి అందులో నిలబెట్టి ఉంది. పగలు బడిపిల్లలు వచ్చి చూసిపోతారు. చీకటి పడ్డాక మాత్రం దాని కడుపులోంచి చప్పుడొస్తుందట. ఠక్... అంతే. ఒక్కటే.

ఈ మాట ముసలి పైలట్ చెవిన పడింది గడ్డం గీయించుకుంటున్నప్పుడు. చెప్పినవాళ్లు నవ్వుతూనే చెప్పారు. ఆయన నవ్వలేదు. సగం గడ్డంతోనే కుర్చీలోంచి లేచి వచ్చేశాడట.

ముప్పై ఏళ్ల కిందట ఆ విమానం నడిపింది ఆయనే. కొండల మధ్య చిక్కుకున్న సైనికులకి పిండి బస్తాలు, మందుల పెట్టెలు జారవిడిచే పని. ముందు నుంచి పైలట్ గంట మోగిస్తాడు. వెనక, తెరిచిన తలుపు దగ్గర, బక్కోడు — అందరూ అతన్ని అలాగే పిలిచేవారు — నడుముకి తాడు కట్టుకుని సరుకు కిందకి తోస్తాడు. అంతా పోయాక స్పానర్‌తో గోడ మీద రెండు దెబ్బలు కొడితే, ఇక విమానం తిప్పుకోవచ్చు అని. ఒక్కటే కొడితే, ఏదో ఇరుక్కుంది, ఆగమని.

ఒకరోజు విమానం దిగేసరికి బక్కోడు లేడు. విప్పిన తాడు మాత్రం ఉంది. రెండు దెబ్బలూ విన్నాకే తిప్పానన్నాడు పైలట్. పనైపోయాక తాడు విప్పేసి నిర్లక్ష్యంగా అంచున నిలబడ్డాడని విచారణ రిపోర్టులో తప్పు బక్కోడి మీదే రాసేశారు.

మరి ఈ ఒక్క దెబ్బ సంగతి ఎవరికి తెలుసు? పక్క సీటు పైలట్ చెవులకి ఆ రోజు హెడ్‌ఫోన్లు. పైగా ఆయన పోయి పదేళ్లు. దెయ్యాల మీద ముసలాయనకి నమ్మకం లేదు, మనుషుల మీదే అనుమానం. ఎవరో తనతో ఆడుకుంటున్నారు...

ఆ రాత్రే వెళ్లాడు. షెడ్డుకి కాపలా ఉండే ఆవిడ తాళం తీసింది. యాభైకి దగ్గరపడ్డ మనిషి. ఎందుకొచ్చారని ఒక్కమాటైనా అడగలేదు. అదీ ఆయనకి అనుమానంగానే ఉంది.

"ఆ చప్పుడు నువ్వు విన్నావా అమ్మా?"

"రోజూ వింటాను సార్," గుసగుసగా అంది. "మీరెళ్లి కూర్చోండి. నేనిక్కడే ఉంటాను."

టార్చి వేసి విమానం లోపలంతా వెతికాడు. తుప్పు, ఖాళీ గొలుసులు, ఎవరూ లేరు. తన పాత సీట్లో కూర్చున్నాడు. ఎంతసేపు గడిచిందో... చెయ్యి దానంతటదే గంట మీటకి పోయింది. బ్యాటరీ ఎప్పుడో తీసేశారు, నొక్కినా మోగదు. అయినా నొక్కాడు.

ఠక్.

రెండోదాని కోసం చెవులు రిక్కించాడు... రాలేదు... ఇంకా రాలేదు...

"రెండోది కొట్టరా!" అరిచాడు. "ఆ రోజూ ఇంతే, ఒక్కటే కొట్టావు! ఎదురుగా కొండ... భయమేసిందిరా. నువ్వు అంచున ఉంటావని తెలిసే తిప్పేశాను!"

వెనక అడుగుల చప్పుడు. కాపలా ఆవిడ. చేతిలో స్పానర్.

"బక్కోడు మా అన్నయ్య," అంది. "ఈ దెబ్బల సంగతి ఇంట్లో మాకందరికీ చెప్పేవాడు. నిర్లక్ష్యం వల్ల పోయాడంటే మా అమ్మ చచ్చేదాకా నమ్మలేదు. నేనూ నమ్మలేదు. ఇరుక్కున్నదాన్ని తొయ్యడానికే తాడు విప్పి ఉంటాడనుకున్నాను. రుజువేదీ? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేవాడు ఏదో ఒకరోజు రాకపోతాడా అని... రెండేళ్లుగా రోజూ ఒక్కటే కొడుతున్నాను."

పైలట్ సీట్లోంచే ఆవిడ వైపు తిరిగాడు. "ఇప్పుడేం చెయ్యమంటావు తల్లీ?"

"పొద్దున్నే మిలిటరీ ఆఫీసుకి వెళ్దాం. ఇక్కడన్న మాటే అక్కడ అనండి. అన్నయ్య మీద రాసింది చెరిపించండి."

ఆయన గంట మీట మీంచి చెయ్యి తీశాడు. తర్వాత, "వస్తాను," అన్నాడు.

ఆవిడ వెనక్కి తిరిగి, గోడ మీద ఇంకో దెబ్బ కొట్టింది.

"ఇప్పుడు తిప్పుకోండి సార్."