శుక్రవారం మొరాయించే స్టేప్లర్

రూపశ్రీ ఆ కరెంటు స్టేప్లర్‌ను కౌంటర్ మీద పెట్టిన తీరు చూస్తేనే ఆమె ఎంత అలసిపోయిందో ఢిల్లీబాబుకు అర్థమైంది. కోపంగా ఉన్నవాళ్లు చప్పుడు చేసి పెడతారు. ఈమె నీళ్ల బిందె దించినట్టు దించి, కుడి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని నిలబడింది.

“నిన్న మళ్లా పని చెయ్యలా,” అంది.

ఢిల్లీబాబు ప్లగ్గు పెట్టి, కాగితాలు లోపలికి జరిపాడు. టక్కుమని పిన్ను పడింది. మళ్లీ జరిపాడు, మళ్లీ పడింది. అది బుద్ధిమంతుడిలా పనిచేస్తుంటే ఇద్దరూ దాన్నే చూస్తూ ఉండిపోయారు. పోయిన శనివారమూ ఇదే తంతు, అంతకుముందు శనివారమూ ఇదే.

తిరుపతి బాలాజీ కాలనీలో ఢిల్లీబాబుది చిన్న స్టేషనరీ షాపు. ఆ వీధి చివర కోచింగ్ సెంటర్ ఆఫీసులో రూపశ్రీ ఉద్యోగం. వారాంతపు పరీక్షల ప్రశ్నపత్రాలన్నిటికీ శుక్రవారమే పిన్నులు కొట్టాలి. చేత్తో నొక్కీ నొక్కీ మణికట్టు వాచి, మంచినీళ్ల గ్లాసు ఎత్తాలన్నా ఎడమచెయ్యే దిక్కయింది.

మొదటిసారి షాపుకొచ్చినప్పుడు ‘అన్నా, నమ్మకంగా పనిచేసేది ఒకటియ్యి’ అని అడిగింది. అతను బ్యాటరీది చూపించనేలేదు. అది ఇంట్లో బిల్లులు గుచ్చుకోవడానికే సరి అన్నాడు. తళతళలాడే ఇంకొకదాన్ని కూడా పక్కన పెట్టేశాడు, దాని పిన్నులు ఊళ్లో దొరకవు గనక. చివరికి ఇచ్చింది చూడ్డానికి మోటుగా, చేతికి బరువుగా ఉన్నది. దాని పిన్నులు ఏ షాపులోనైనా దొరుకుతాయి, ఇరుక్కుంటే మూత తీసి లాగేయొచ్చు. ఇది ఆగిపోతే పేరు మార్చుకుంటానని పందెం కూడా కాశాడు. ఏమని, మద్రాసుబాబనా అని ఆమె నవ్వింది. ఆ నవ్వుతోనే అతని పని అయిపోయింది.

అందుకే ఇప్పుడు నోరు జారాడు. “మిషన్ బాగానే ఉండాది మేడమ్. నన్ను చూసేదానికే తెస్తా ఉండారేమో అనిపిస్తాది.”

రూపశ్రీ నవ్వలేదు. నిన్నంతా చేత్తోనే కొట్టి వచ్చానని, సరసాలు వినే ఓపిక తనకు లేదని చెప్పింది. ఐరాలలో సేద్యం చేసుకునే వాళ్ల నాయన గోవిందయ్య వచ్చే శనివారం వచ్చి ఇంటికి పిలుచుకుపోతానన్నాడట. చెయ్యి పోగొట్టుకుని చేసే ఉద్యోగం వద్దన్నాడట.

“నాకు పోవాలని లేదు. ఇదొకటి సరిగ్గా పని చేసుంటే, ఆయనకు చెప్పుకొనేదానికి ఒక మాటుండేది.”

మిషన్‌ను చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఢిల్లీబాబు తన నోటిని తానే తిట్టుకున్నాడు. ఆమె లేకుంటే ఈ వీధిలో షాపు తెరిచి ఎవరి కోసం కూర్చోవాలో అతనికి తోచలేదు.

వారమంతా అదే ధ్యాస. కరెంటు తేడా అనుకున్నాడు, గాలిలో చెమ్మ అనుకున్నాడు. కరెంటుకైనా చెమ్మకైనా శుక్రవారం ఏమిటని తనను తానే కసురుకున్నాడు. ఆ శుక్రవారం పొద్దున షాపు తెరవకుండా, తుంపర్లో తడుస్తూ కోచింగ్ సెంటర్‌కు పోయాడు.

లోపల సాంబ్రాణి పొగ. శుక్రవారం పూజ జరుగుతోంది. రూపశ్రీ గంధం గిన్నె పట్టుకుని కంప్యూటర్‌కూ ప్రింటర్‌కూ బీరువాకూ బొట్లు పెట్టుకుంటూ వస్తోంది. స్టేప్లర్ దగ్గర ఆగి కళ్లు మూసుకుంది. మిగతావాటికంటే దానికి గంధం దట్టంగా తీసి, కాగితం దూర్చే సందు పైనే పెట్టి కుంకుమ అద్దింది. గంధం మెల్లగా సందులోకి జారింది.

ఢిల్లీబాబు గోడకు ఆనుకున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

“ఆడనా పెట్టేది బొట్టు? కాగితం వచ్చిందా లేదా అని చూసే కన్ను ఆ సందులోనే ఉండాది. గంధం పూసి దాని కన్ను మూసేస్తివి.”

ఆమె నమ్మలేదు. మరి షాపులో ఎట్లా పని చేసిందని నిలదీసింది. తెచ్చేముందు తుడిచావా అని అతనడిగాడు. బొట్టుతో తెస్తే బాగుండదని ప్రతిసారీ తడిగుడ్డతో లోపలిదాకా తుడిచి తెచ్చానని చెబుతూ చెబుతూనే, ఆమె కుర్చీలో కూలబడింది. నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్లనీళ్లు కూడా వచ్చాయి. ఇన్ని వారాల నొప్పి తన చేతులారా తెచ్చుకున్నదే.

ఢిల్లీబాబు దూదితో ఆ కన్ను తుడిచి, బొట్టు పక్కకు మార్చి పెట్టాడు. ఆ రోజు పిన్నులన్నీ మిషనే కొట్టింది. కాగితాలు జరిపింది మాత్రం అతను. ఆమె చెయ్యి ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. ఇంక పొమ్మని ఒక్కసారి కూడా అనలేదు.

శనివారం గోవిందయ్య కూతురి వెంట షాపుకు వచ్చాడు. “పిన్నులు కావాల,” అంది రూపశ్రీ, అతని వైపు చూడకుండా.

గోవిందయ్య బస్సు ప్రయాణంతో సోలిపోయి స్టూలు మీద కూర్చున్నాడు. ఆ మిషన్ ఇచ్చింది నువ్వేనా అని అడిగాడు. నేనేనన్నాడు ఢిల్లీబాబు. పెద్దాయన అతన్ని ఎగాదిగా చూసి, కూతురి వైపు తిరిగాడు.

“వీధి మొదుట్నించి టీ కొట్టాయన్ని, పూలాయన్ని, ఆటో ఆయన్ని అందర్నీ అన్నా అంటా వచ్చినావు. ఈ అబ్బిని మాత్రం ఏమీ అనలేదే.”

రూపశ్రీ తల వంచుకుంది. ఆ మొదటి రోజు తరువాత ఆమె తనను ఒక్కసారి కూడా అన్నా అనలేదని ఢిల్లీబాబుకు అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ మిషన్‌లో లోపం వెతుకుతూ ఆ సంగతే గమనించలేదు.

“నాకు ఆమంటే ఇష్టం,” అన్నాడు. “ఈడనే ఉండనీండి. మా అమ్మను తీసుకోని మీ ఊరికి వస్తాను.”

గోవిందయ్య కూతురి మణికట్టు పట్టుకుని వాపును మెల్లగా నొక్కి చూశాడు.

“ఉండనీలే. ఈ వాపు దిగినాక మా ఊరికి రాండప్పా. నా బిడ్డ గ్లాసు ఎత్తలేకుంటే మీకు కాఫీ ఎవురిస్తారు?”

“నాలుగు దినాల్లో దిగిపోతాది నాయనా,” అంది రూపశ్రీ, ఎవరూ అడగకముందే.