సిలిండర్‌లోకి పట్టిన గ్యాస్

“ఆగు! ఆ గ్యాస్ బయటికి ఇడువకు!”

ఆ కేకకు నా చేతిలో పానా జారి కాలి మీద పడింది.

1989 ఎండాకాలం. హనుమకొండ చౌరస్తాలో వెంకట్రాజం సేటు కూల్‌డ్రింక్ షాపులో ఫ్రిజ్ చెడిపోతే వెళ్లాను. సారంగపాణి చెయ్యి పడితే ఫ్రిజ్ మళ్లీ మొరాయించదని నాకు బజారంతా పేరు. కేక వేసింది సేటు కూతురు అనసూయ. యూనివర్సిటీలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ.

“గ్యాస్ తియ్యకుంట పైపు ఎట్ల అతుకుత మేడం?”

“అది పైకి పోయి ఓజోన్ పొరను తింటది, భూమిని వేడి చేస్తది. దుకాణాలల్ల ఈ గ్యాస్ గాలికి ఇడువద్దని చట్టం తెస్తరట. పేపర్ల పడ్డది.”

“రానీయుండ్రి, వచ్చినంక చూద్దాం.”

“అంటే పోలీసోడు నిలబడితేనే మంచిగ చేస్తవా? గింతేనా నీ పనితనం?”

నన్ను తిడితే పడేవాణ్ణి. నా పనిని అంది. ఒళ్లు మండిపోయింది. ఆమె కళ్లు చాలా పెద్దవని ఆ మంటలోనే చూశాను, అది వేరే సంగతి.

“రెండు రోజులు టైమియ్యి సేటూ,” అన్నాను.

“ఎండాకాలంల రెండు రోజులా!” సేటు లబోదిబోమన్నాడు.

మూడోనాడు ఖాళీ సిలిండర్‌తో వచ్చాను. దాన్ని తూచి, ఉప్పు కలిపిన ఐసు బకెట్లో దించి, ఫ్రిజ్‌కు గొట్టంతో కలిపాను. గ్యాస్ చల్లని చోటు వెతుక్కుంటూ తనే వచ్చేస్తుంది. గంట తర్వాత తూస్తే పావుకిలో పెరిగింది.

“తడి బరువేమో,” అంది అనసూయ. కొంగుతో సిలిండర్‌ను తుడిచి మళ్లీ తూచింది. అదే పావుకిలో.

“జర తొందరపడి మాటన్న. ఏమనుకోకు,” అంది. నా కోపమంతా ఎటు పోయిందో! పైపు అతికి, అదే గ్యాస్‌ను తిరిగి ఫ్రిజ్‌లో నింపాను.

అప్పటినుంచి నేను ఏ దుకాణానికి వెళ్లినా ఆమె ముందే అక్కడుండి, గ్యాస్ పట్టేదాకా ఆగమని ఓనరుతో వాదించేది. “ఫికర్ చెయ్యకు, మా సారంగపాణి చూస్కుంటడు,” అనేది. ఆ ‘మా’ విన్న రోజు నాకు అన్నం సహించలేదు. తొలకరి పడేసరికి చౌరస్తాలో గ్యాస్ గాలికి వదిలే దుకాణం ఒక్కటీ లేదు.

వాన కురుస్తుంటే ధైర్యం చేసి సేటును అడిగేశాను. “అనసూయను నాకిచ్చి చెయ్యి సేటూ.”

సేటు నన్ను కిందికీ మీదికీ చూశాడు. “నా బిడ్డ ఎమ్మెస్సీ. నువ్వు మెకానిక్‌వు. ఏం చూసి ఇయ్యాలె?”



“పని చూసి ఇయ్యి, బాపూ,” అంది లోపలినుంచి వచ్చిన అనసూయ. “చట్టం ఢిల్లీల ఎప్పుడొస్తదో తెల్వదు. ఈయన మన చౌరస్తాకు ముందుగాల్నే తెచ్చిండు.”

 సేటు గొడుగు అందుకున్నాడు.

“మీ ఊరు రఘునాథపల్లికి బస్సు ఎన్ని గంటలకున్నదోయ్? మీ నాయినతోని మాట్లాడాలె.”

చేతుల నిండా గ్రీజుతో, నా జన్మలో అంత గర్వంగా ఎప్పుడూ నిలబడలేదు.