తీసిన చోట పెట్టని మనిషి

పొద్దున్నే పిల్లల డబ్బాలు సర్దుతున్న ఇల్లాలికి వెనకాల 'ఠప్'మని చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే ఆడపడుచు చిట్టి నుదురు పట్టుకుని నిలబడి ఉంది. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారుతోంది. పక్కనే వంటింటి అల్మరా తలుపు సగం తెరిచి ఉంది.

చిట్టికి పుట్టుకతోనే చూపు లేదు. అందుకే ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. తలుపు తెరిస్తే పూర్తిగా తెరవాలి, లేదంటే పూర్తిగా మూయాలి. కుర్చీ జరిపితే మళ్ళీ బల్ల కిందికి తోయాలి. నేల మీద బొమ్మలు ఉండకూడదు. బ్యాంకు ఖాతాదారుల ఫిర్యాదులు ఫోన్లో వినే ఉద్యోగం చిట్టిది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బస్సెక్కి వెళ్ళొస్తుంది. దెబ్బలు తగిలేది సొంతింట్లోనే.

"ఎవరు తీశారు దీన్ని?" అంది ఇల్లాలు, గాయానికి గుడ్డ అదిమిపెడుతూ.

"నేనే, చక్కెర కోసం" అన్నాడు భర్త. "పొద్దున్నే పంచాయితీ పెట్టకు. ఈ గొడవంతా లేకుండా చిట్టికి చూపు లేనివాళ్ళ హాస్టల్లో గది మాట్లాడాను. అక్కడ అన్నీ దానికి అనువుగా ఉంటాయట. ఆదివారం దింపేస్తాను."

ఇల్లాలి చెయ్యి ఆగిపోయింది.

"ఒక్క మనిషి కోసం ఇంటిల్లిపాదీ ఎన్నాళ్ళు అడుగడుగునా జాగ్రత్త పడాలి? పిల్లలు పిల్లల్లా ఆడుకోలేకపోతున్నారు. నీకోసమే చెబుతున్నా. సర్దలేక చస్తున్నావుగా!"

అందులో అబద్ధం లేదు. పిల్లలు విసుక్కునేదీ నిజమే, ఆమె నడుం పడిపోతున్నదీ నిజమే. ఒళ్ళు మండింది అందుకే. తన నడుం నొప్పిని అడ్డం పెట్టుకుని ఈ పిల్లను గెంటేస్తాడా?

"అన్నయ్య చెప్పింది నిజమే వదినా" అంది చిట్టి మెల్లగా. "సర్దుతూ సర్దుతూ నువ్వు ఉస్సురనడం నాకు వినిపిస్తూనే ఉంటుంది. నేను వెళ్తాను."

ఇల్లాలికి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. "ఆ ఉస్సురు నీ మీద అనుకున్నావటే పిచ్చిదానా!" అని భర్త వైపు తిరిగింది.

"మీ షెడ్డులో పానా తీసిన చోట లేకపోతే మెకానిక్కుల్ని ఉతికి ఆరేస్తారు. అక్కడేమో పద్ధతి, ఇక్కడ చెల్లెలి కోసం తలుపు మూయాలంటే గొడవా? పిల్లలు గునుస్తూనే అయినా బొమ్మలు తీసిపెడుతున్నారు. నా నడుం విరుగుతున్నది మీ చెప్పులూ, మీ సంచీ, మీ కుర్చీ సర్దలేక! బరువు లేదనను, ఉంది. అందరం తలో చెయ్యి వేస్తే అదెంత? మీ వంతు కూడా నా నెత్తినెట్టి, పైగా మోయలేకపోతోందని నామీద జాలి చూపిస్తున్నారా? నా పేరు చెప్పి దీన్ని పంపారో, దాని పెట్టెతో పాటు నేనూ బండెక్కుతాను!"

అతను ఏదో అనబోయాడు. చెల్లెలి నుదుటి మీది గుడ్డ ఎర్రగా తడిసిపోవడం కనిపించింది. ఫోన్ తీసి హాస్టల్‌కి చేశాడు.

"గది అక్కర్లేదండీ" అన్నాడు. అవతలివాళ్ళు కారణం అడిగినట్టున్నారు. "మా చెల్లెలి వల్ల ఇబ్బందేం లేదండీ. ఇబ్బంది నాతోనే" అన్నాడు.

చిట్టి తడుముకుంటూ వదిన చెయ్యి పట్టుకుంది.

"అయితే ఇక ఉస్సురనవు కదా వదినా?"

"ఎందుకనను? ఇకనుంచి మీ అన్నయ్య పేరు పెట్టి మరీ అంటాను!"

చిట్టి ఏడుస్తూనే పకపకా నవ్వింది.