నాలుగు మీటర్లు తక్కువ తాడు

"పదకొండింటికి ఒప్పందం మీద సంతకాలు. నువ్వు ఆలస్యం చేస్తే సంతకం పెట్టేవాళ్ళుండరు" అని చీఫ్ ఫోన్ పెట్టేశాడు. అప్పటికి టైం పదీ ఇరవై.

ఆ ఏజెంటును డిపార్ట్‌మెంటులో టేపు అంటారు. ఎక్కడికెళ్ళినా సర్వేయరు వేషమే. ఇవాళ కూడా భార్యతో కలిసి, పసుపు హెల్మెట్లు పెట్టుకుని, రోడ్డు పక్కన కొలత దుర్బీను నిలబెట్టాడు. దాని స్టాండులో ఒక కాలు రేడియో. ఎదుట పదమూడంతస్తుల బిల్డింగ్. పదో అంతస్తు కిటికీలో విదేశీ ముఠా టైమర్ రైఫిల్ బిగించింది. గురి సంతకాలు జరిగే మీటింగ్ హాలు మీద, పదకొండుకు పేలేలా. గది తలుపు తీస్తే పేలుతుంది. కాబట్టి టెర్రస్ మీంచి తాడుతో ఒకే దూకులో కిటికీ దగ్గర ఆగాలి. తాడు పొడుగైతే కింది బాల్కనీలో గన్ పట్టుకున్న కాపలావాడి నెత్తిన పడతాడు. పొట్టిదైతే గాల్లో వేలాడతాడు.

గోడకూ దుర్బీనుకూ మధ్య ముప్ఫై మీటర్లు. ఆమె కోణం చదువుతుంది, అతను టాన్ పట్టీ చూసి గుణిస్తాడు. తొమ్మిదేళ్ళుగా ఇదే కాపురం. పార్టీల్లో రాయబారుల చేత రహస్యాలు కక్కించిన అందగత్తె ఆమె. పెళ్ళి కూడా మొదట వేషానికే చేసుకున్నారు. తరవాత ఇద్దరూ ఆ వేషం విప్పలేదు.

కిటికీ నలభై అయిదు డిగ్రీలంది. టాన్ ఒకటి, ఎత్తు ముప్ఫై మీటర్లు. టెర్రస్ యాభై అంది. ఎత్తు ముప్ఫై అయిదూ ముప్పావు. తీసేస్తే తాడు పొడుగు అయిదూ ముప్పావు మీటర్లు.

పెన్సిల్ ఆగింది.

"మధ్యలో మూడంతస్తులున్నాయే. ఇందులో పట్టాలంటే లోపలివాళ్ళు పాక్కుంటూ తిరగాలి" అన్నాడు నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. అతను వంగి తనే చూశాడు. యాభై మూడు. తాడు తొమ్మిదీ ఎనభై ఉండాలి. నాలుగు మీటర్ల తేడా. ఇన్నేళ్ళలో ఆమె అర డిగ్రీ కూడా తప్పు చదవలేదు.

"ఎప్పట్నించి వాళ్ళ పని చేస్తున్నావ్?"

"రెండేళ్ళు. మా అన్న ఆ ముఠా చేతిలో బందీగా ఉన్నాడు." ఆమె హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుంది. "పొడుగు చెప్పమన్నారు. నేను పొట్టి చెప్పాను. వేలాడుతూనైనా బతుకుతారని."

"నాతో అనాల్సింది."

"అంటే మీరు లెక్కేస్తారు. అటు ఒకడు, ఇటు హాల్లో పాతిక మంది అని."

అతను నిజంగానే వేసేవాడు. రేడియో నొక్కి, "పాలు విరిగాయి" అన్నాడు. పక్కనున్న మనిషి శత్రువు మనిషని దాని అర్థం. ఆమె పారిపోలేదు. అతను తాడుకు ముడి వేస్తుంటే రెండో కొస పట్టుకుంది.

పది యాభై తొమ్మిదికి టెర్రస్ మీంచి దూకాడు. తొమ్మిదీ ఎనభై దగ్గర తాడు బిగిసింది, కాళ్ళకు కిటికీ అంచు తగిలింది. వైరు కత్తిరించేసరికి టైమర్ రెండు సెకన్ల దగ్గర ఆగిపోయింది.

కిందికి చూశాడు. దుర్బీను పక్కనే ఇద్దరు ఆమె చేతులకు సంకెళ్ళు వేస్తున్నారు. ఆమె తలెత్తి చూస్తోంది. నేల మీద ముప్ఫై, ఎత్తు ముప్ఫై. ఆమెకూ తనకూ మధ్య ఏటవాలున నలభై రెండు మీటర్ల చిల్లర. ఎవరూ అడగని లెక్క, దానంతటదే వచ్చేసింది.

వాళ్ళన్నను వెతికించమని రేడియోలో చీఫ్‌ను బతిమాలాడు. చూద్దామన్నాడాయన. ఇక కొత్త పార్ట్‌నర్‌ కావాలిగా, ఎలాంటివాళ్ళను పంపమంటావని అడిగాడు.

"లెక్కలు రానివాళ్ళు చాలు సార్" అన్నాడు టేపు.