దిబ్బబావిలో వేసిన తాడు

ఆలూరు దారిలో దిబ్బబావి అంటే అందరికీ హడలే. పొద్దుగూకినాక ఆ బావిలో తాడు వేస్తే, కిందనుంచి ఎవరో పట్టుకుంటారంట. పట్టుకుని... లాగుతారంట. దప్పికతో నాలుక పిడచగట్టినా సరే, చీకట్లో ఎవరూ ఆ గట్టెక్కేవాళ్లు కాదు.

జిలాని బాషా ఎక్కినాడు. ఆ సంగతి శానా ఏండ్లకు, చచ్చేముందు, తన నోటితోనే చెప్పినాడంట.

అతనిదీ ఆలూరే. పదకొండేండ్లు మద్రాసు నుంచి రంగూను పోయే ఓడల్లో ఖలాసీగా తాళ్లపని చేసినాడు. బిగుసుకున్న ముడులు విప్పే కొమ్ముమేకు, తాడు కోసే చాకు ఎప్పుడూ నడుముకే ఉండేవి. అదే ఊరి గోపన్నను ఓడెక్కించి, ముడులన్నీ నేర్పిందీ అతనే.

ఒక తుఫానులో గోపన్న సముద్రంలో పడినాడు. జిలాని తాడు విసిరినాడు. గోపన్న నడుముకు ఉచ్చు వేసుకుని, "లాగు... పైకి లాగు!" అని అరిచినాడు. ఆ బరువు జిలానిని కూడా ఓడ అంచుదాకా ఈడ్చింది. అప్పుడు — చాకు తీసి తాడు కోసేసినాడు.

ఊరికొచ్చి, గోపన్న తల్లి భీమమ్మతో మాత్రం, "రంగూనులో జరమొచ్చి పోయినాడు పెద్దమ్మా" అన్నాడు.

అది కరువు ఏడు. ఒకనాడు పత్తికొండ నుంచి నడిచొస్తూ, చీకటి పడేసరికి దిబ్బబావి చేరినాడు. గొంతు ఆరిపోయింది. మూటలోని చేంతాడు తీసి, ఒక కొనకు చెంబు కట్టి, రెండో కొన మణికట్టుకు చుట్టుకుని లోపలికి వదిలినాడు.

చెంబు దేనికో తగిలింది. నీళ్ల చప్పుడు లేదు. తాడు మెల్లగా అటూ ఇటూ కదిలింది...

గబగబా పైకి లాగినాడు. చెంబు లేదు! దాని చోట ఒక ఉచ్చు ఉండాది. వేళ్లతో తడిమినాడు. ఎంత బరువు పడినా జారని ఓడముడి అది. ఈ సీమలో అతను దాన్ని ఒక్క గోపన్నకే నేర్పినాడు.

ఉచ్చు చేతిలోంచి జారి మళ్లీ బావిలో పడింది. మణికట్టు చుట్లు విప్పుకునేలోపే — బరువు! తాడు బిగుసుకుంది. లోపల్నుంచి, ఊపిరంత మాట...

"లాగు... పైకి లాగు నాయనా..."

"గోపన్నా! నన్నిడ్సిపెట్టప్పా!"

మణికట్టు విడిపించుకోవాలని వెనక్కి గుంజేకొద్దీ, ఆ బరువు పైపైకి వచ్చింది. అంతలో కాళ్లు జారి బావి ఒరదాకా వచ్చినాడు. చాకు తీసినాడు. కోసినాడు.

దబ్బుమని ఏదో పడిన చప్పుడు. ఆ పైన ఏమీ లేదు.

ఎట్లనో ఇల్లు చేరినాడు. తెల్లారేసరికి ఒళ్లు కాలిపోతాండాది. ఊరంతా బావికాడికి పరుగులు తీస్తాంటే, తూలుతూ వాళ్ల వెంట పోయినాడు. రైతు పెద్ద ఈరన్న బావిలో దిగి, శవాన్ని పైకి తెచ్చినాడు.

భీమమ్మ. నడుముకు ఉచ్చు. తెగిన తాడు.

"నిన్న మాపున ఊటనీళ్లకు దిగినట్టుండాది" అన్నాడు ఈరన్న. "మెట్టు జారి కాలిరిగింది. ఎవరో తాడేసి, సగం దాకా వచ్చినాక కోసినారు. తల పగిలింది అప్పుడేనప్పా."

"ఆ ముడి..." జిలాని ఉచ్చు మీద వేలు పెట్టినాడు. "ఆయమ్మకెట్ల తెలుసు?"

"గోపన్న కడసారి వచ్చినప్పుడు నేర్పినాడు గదప్పా. 'ఇది జారదమ్మా, పైన తాడు పట్టేటోడు మా జిలానన్న లాంటోడైతే చాలు' అన్నాడంట."